పచ్చి ఎరువు

మాడిన మల్లె చిగుళ్ళు కంటబడిన రోజు నుంచి దస్తగిరి తన గురువు పక్కన కూర్చుని అన్నం తినడం మానేశాడు.

"నాకింకా పనుంది బాబా. మీరు తినండి," అనేవాడు.

"సరే," అనేవాడు నూరుద్దీన్ బాబా.

అంతే. ఏం పని, ఎందుకు అని ఒక్క మాట అడిగినా దస్తగిరికి కొంచెం ఊపిరాడేది. బాబా అడగలేదు.

కడప దాటాక, కొండల కింద ఉన్న ఒక చిన్న టౌను చివర బాబా ఉండే తకియా, ఫకీర్ల మఠం, ఉంది. నాలుగు గదులు, ఒక వసారా, ఎప్పుడో పోయిన పెద్ద ఫకీరు సమాధి, వాటి చుట్టూ తోట. తోటలో నలభై మల్లె పొదలు, ఒక వరస గులాబీలు, వచ్చినవాళ్ళు కూర్చోడానికి వసారా ముందర మెత్తటి గరిక పచ్చిక.

పదేళ్ళ కిందట దస్తగిరి తోపుడు బండి మీద పూలమొక్కలు అమ్ముకునేవాడు. ఒక ఎండాకాలం నీళ్ళు అడగడానికి తకియాలోకి వచ్చాడు. ఆ సాయంత్రం బాబాతో పాటు మొక్కలకు నీళ్ళు పోశాడు. మర్నాడూ వచ్చాడు. తరువాత బండి అమ్మేసి అక్కడే ఉండిపోయాడు.

ప్రతి ఏడాదీ మాఘమాసం చివర, చలి విరిగి ఎండ తిరిగే రోజుల్లో, ఒక ఆదివారం టౌనులో మొక్కలు పెంచుకునేవాళ్ళంతా తకియాకి వచ్చేవాళ్ళు. ఎండాకాలం రాకముందు ఇంటి తోటకు చేయాల్సిన పనులు చూసి నేర్చుకునేవాళ్ళు. మల్లె ఆకు దూసి కొమ్మలు ఎంత ఎత్తుకు కత్తిరించాలి, పాదు ఎంత వెడల్పు తవ్వాలి, పచ్చికలో తుంగను గడ్డతో సహా ఎట్లా లాగాలి, బోడిగా ఉన్న చోట గరిక ఎట్లా నాటాలి, జల్లించిన మట్టీ ఎరువూ పైన ఎంత పలచగా చల్లాలి. మొదట్లో ఇవన్నీ బాబా చూపించేవాడు. మూడేళ్ళుగా ఆ పని దస్తగిరికి వదిలేశాడు.

అప్పటి నుంచి టౌను వాళ్ళు అతన్ని దస్తగిరి గారూ అని పిలవసాగారు. బండి తోసిన రోజుల్లో "ఏయ్ మొక్కలబ్బీ" అని కేకేసిన వీధులే అవి. రిటైరైన కాంతిమతి టీచర్ అతను చెప్పే ప్రతి మాటా నోటు పుస్తకంలో రాసుకునేది. అటవీశాఖలో రేంజరుగా చేసి దిగిన బసవరాజు అంతటివాడు కత్తెర ఎట్లా పట్టుకోవాలో అతని దగ్గర చూసి నేర్చుకున్నాడు. ఆదివారం దగ్గరపడేకొద్దీ దస్తగిరి గడ్డం దువ్వుకునేవాడు, ఉతికిన లుంగీ కట్టుకునేవాడు. అది బాబాకి కనబడుతుందని అతనికి తెలుసు. అయినా దువ్వుకునేవాడు.

తోటకు ఎరువు ఓబుళమ్మ తెచ్చేది. ఆమెకు రెండు బర్రెలు, ఇరవై దాకా గొర్రెలు. అరవై దాటిన మనిషి. ఇంటి వెనక ఎరువు దిబ్బ వేసి, మాగబెట్టి, తకియాకీ టౌనులో తోటలున్న ఇళ్ళకూ గంపలతో మోసేది. ఆ బర్రెలూ ఆ దిబ్బే ఆమె బతుకు.

ఈ ఏడు ఆదివారానికి నాలుగు రోజుల ముందు దస్తగిరి ఆమె ఇంటికి వెళ్ళాడు.

"మాగిన దిబ్బ అయిపోయింది నాయనా," అంది ఓబుళమ్మ. "వానలకు సగం కొట్టుకుపోయింది. ఉన్నది దసరాకి వేసింది. చెయ్యి పెట్టి చూడు, ఇంకా కాలుతోంది. ఉగాది పోనీ."

దస్తగిరి చెయ్యి పెట్టి చూశాడు. మణికట్టు దాకా పెట్టాడు. వేడిగానే ఉంది.

"ఆదివారం జనం వస్తారు పెద్దమ్మా. ఎరువు లేకుండా నేనేం చూపించేది?"

"ఈసారికి మట్టితో చూపించు."

"ఏం కాదులే. పలచగా వేస్తాను. గంపలెత్తు."

"వద్దు నాయనా. గొర్రె పెంటికలు ఎక్కువున్నాయి దాంట్లో. వేర్లు మాడతాయి."

దస్తగిరి నవ్వాడు. పదేళ్ళుగా తోట చేస్తున్నవాడికి నువ్వా చెప్పేది అన్న నవ్వు అది. తానే పార తీసుకుని గంపలు నింపాడు. ఇక చేసేదేం లేక ఓబుళమ్మ కూడా ఒక గంప నెత్తిన పెట్టుకుని అతని వెంట వచ్చింది.

ఆదివారం అంతా బ్రహ్మాండంగా జరిగింది. దస్తగిరి పాదులు తవ్వాడు. పలచగా వేస్తానన్నవాడు, అంతమంది చూస్తుంటే చెయ్యి ఆగక, పిడికిళ్ళతో మొదళ్ళ దాకా ఎరువు పోశాడు. పచ్చిక మీదా చల్లాడు. వచ్చినవాళ్ళలో ఏడిళ్ళవాళ్ళు మిగిలిన ఎరువు సంచుల్లో నింపుకుపోయారు. వాళ్ళ ఇళ్ళలోనూ అతను చూపించినట్టే వేసుకున్నారు.

పన్నెండో రోజుకు తకియాలో మల్లె చిగుళ్ళు అంచుల నుంచి నల్లబడ్డాయి. పచ్చిక మచ్చలు మచ్చలుగా పండిపోయింది.

మూడో ఆదివారం జనం మళ్ళీ వచ్చారు, ఈసారి పిలవకుండానే. కాంతిమతి టీచర్ చేతిరుమాలు విప్పి అందులో ఉన్న ఎండుకొమ్మ చూపించింది. పెళ్ళయి కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు తాను నాటిన మల్లె అది.

"మీరు చెప్పినట్టే చేశాను దస్తగిరి గారూ. ఎందుకిలా అయింది?"

అందరూ అతని వైపే చూస్తున్నారు. వసారాలో బాబా కత్తెరకు నూనె రాస్తున్నాడు. గేటు దగ్గర ఓబుళమ్మ ఖాళీ గంపతో నిలబడి ఉంది. గంపలు తీసుకుపోదామని ఆమె అప్పుడే వచ్చింది.

ఆ క్షణంలో తాను ఏమనబోతున్నాడో దస్తగిరికి ముందుగా తెలియదు. తరువాత ఎన్నిసార్లు తలుచుకున్నా, ఆ మాట తన నోట్లోకి ఎట్లా వచ్చిందో అతనికి అర్థం కాలేదు.

"మాగిన ఎరువే అని చెప్పి ఇచ్చిందామె. నేను నమ్మాను," అన్నాడు.

జనమంతా గేటు వైపు తిరిగారు. ఓబుళమ్మ దస్తగిరిని చూసింది. కోపంగా కాదు. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది. తరువాత గంప చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

బాబా నూనె రాయడం ఆపలేదు.

ఓబుళమ్మ మళ్ళీ తకియా వైపు రాలేదు. దస్తగిరి పొద్దున్నే లేచి తోటలోకి పోయేవాడు. మాడిన చిగుళ్ళు గిల్లేవాడు. ఎరువంతా పక్కకు లాగి పాదులు కడిగినట్టు నీళ్ళు పెట్టేవాడు. పని చేస్తున్నంతసేపూ గేటు చప్పుడైతే చాలు, తల తిప్పి చూసేవాడు. ఆమేనేమోనని భయం. ఆమె కాదని తెలిశాక ఇంకో రకం భయం.

ఒకరోజు నూనెకని అంగడికి వెళ్ళాడు. అక్కడ ఎవరో అంటున్నారు, ఓబుళమ్మ ఎరువులో ఉప్పుమట్టి కలుపుతుందట అని. ఇంకెవరో, పాలలో ఏం కలుపుతుందో ఆ దేవుడికే తెలియాలి అన్నారు. ఆమె దగ్గర పాలు పోయించుకునే ఇళ్ళు మూడు అప్పటికే మానేశాయట.

"మీకు తెలియంది కాదు కదా దస్తగిరి గారూ," అన్నాడు అంగడాయన.

దస్తగిరి నూనె తీసుకోకుండానే వచ్చేశాడు.

ఆ మధ్యాహ్నం బాబా వసారాలో ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళి కింద కూర్చున్నాడు. చెప్పేద్దామనే వచ్చాడు. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"బాబా, ఒక మనిషి నోరు జారాడనుకోండి. ఆ మాట ఊరంతా పాకింది. ఇక దానికేం చేయాలి?"

బాబా కాసేపు అతని ముఖంలోకి చూశాడు. తరువాత లేచి నిలబడ్డాడు.

"గంప తీసుకో. చిన్న పార తీసుకో," అన్నాడు.

బాబా ముందు, దస్తగిరి వెనక. మొదట కాంతిమతి టీచర్ ఇంటికి పోయారు. బాబా ఎవరింటికీ వెళ్ళే మనిషి కాదు. టీచర్ కంగారుపడి కుర్చీ తెచ్చింది. బాబా కూర్చోలేదు.

"అమ్మా, ఓబుళమ్మ ఎరువు పచ్చిదని ముందే చెప్పింది," అన్నాడు. "మా తకియాలోనే వినలేదు. తప్పు నాది. ఆ ఎరువు ఎత్తేసి పోదామని వచ్చాను."

టీచర్ ఏదో అనబోయింది. అప్పటికే బాబా మల్లె పాదు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. పార వేర్లకు తగులుతుందని చేతి వేళ్ళతోనే ఎరువు లాగి గంపలో వేయసాగాడు.

దస్తగిరి పార కింద పెట్టాడు. ఓబుళమ్మ చెప్పిందని బాబాకి ఎట్లా తెలుసు? ఎప్పటి నుంచి తెలుసు? 'తప్పు నాది బాబా' అనాలి. ఇప్పుడే అనాలి. టీచర్ అక్కడే ఉంది, నోటు పుస్తకం కిటికీలో ఉంది. అతను బాబా పక్కన కూలబడి ఎరువు లాగడం మొదలుపెట్టాడు. తల ఎత్తలేదు. పాదు నిండా నీళ్ళు పోసి ఇద్దరూ బయటికి వచ్చారు.

రెండో ఇంట్లోనూ బాబా అదే మాట అన్నాడు. మూడో ఇంట్లోనూ. ప్రతి ఇంటి దగ్గరా దస్తగిరి ఈసారి చెప్పేస్తాను అనుకున్నాడు. ప్రతి ఇంటి దగ్గరా అది ముందటి ఇంటి కంటే కష్టమైంది. మొదటి ఇంట్లోనే చెప్పి ఉంటే ఒక్క అబద్ధానికి తల వంచితే సరిపోయేది. ఇప్పుడు బాబాతో మోయించిన వాటికి కూడా వంచాలి.

బాబా గోళ్ళ సందుల్లో పేడ నల్లగా ఇరుక్కుంది. ఐదో ఇంటి దగ్గర లేవబోయి గోడ పట్టుకున్నాడు. దస్తగిరి చెయ్యందించబోతే, "గంప జాగ్రత్త, ఒలుకుతుంది," అన్నాడు.

చివరిది బసవరాజు ఇల్లు. ఆయన ఇంటి ముందర టౌనులో ఎవరికీ లేనంత పెద్ద పచ్చిక ఉండేది. ఇప్పుడది గోనెపట్టా పరిచినట్టుంది. బాబా చెప్పింది విని రేంజరు ముఖం ఎర్రబడింది.

"ఇన్నేళ్ళుగా తోట చేస్తున్నారు. పచ్చిదేదో మాగిందేదో తెలియదా మీకు?" అన్నాడు. "పోనీ, పొరపాటు. మరి ఆ ముసలామెను అంతమందిలో దోషిగా నిలబెట్టి, మీరు వసారాలో కూర్చుని చూశారా? ఆమెకు ఇల్లు గడవడం లేదు, తెలుసా? ఏం నేర్పుతారండీ మీరు జనానికి? సిగ్గుండాలి."

వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

బాబా, మాస్టారి ముందు పిల్లాడిలా, చేతులు కట్టుకుని విన్నాడు. అంతా అయ్యాక, "నిజం," అన్నాడు. "సిగ్గుండాలి."

దస్తగిరి గేటు అవతలే ఉండిపోయాడు. నెత్తి మీద గంప ఉంది. గంపలోంచి తడి కారి చెంప మీదుగా దిగింది. తుడుచుకోలేదు.

అక్కడి నుంచి ఓబుళమ్మ ఇంటికి వచ్చారు. ఆమె కొట్టంలో బర్రెకు గడ్డి వేస్తోంది. బాబాను చూసి కొంగు భుజం మీదికి లాక్కుంది. దస్తగిరిని చూడలేదు.

"అమ్మా, నా తోటలో వేసిన ఎరువుకి..." అని మొదలుపెట్టాడు బాబా.

"వద్దు సామీ," అంది ఓబుళమ్మ. "మీరు అనకండి. ఎవరు గంపలెత్తారో నాకు తెలుసు. ఎవరు వేశారో నాకు తెలుసు. మీ నోట ఆ మాట నేను వినలేను."

బాబా ఆగిపోయాడు.

దస్తగిరి గంప దించాడు. అక్కడే, పేడ మీదే కూర్చున్నాడు.

"చెప్పింది నువ్వు పెద్దమ్మా," అన్నాడు. "చెయ్యి పెట్టి చూసి కూడా విననిది నేను. అబద్ధం ఆడింది నేను. ఇందాకటి నుంచి ఏడిళ్ళల్లో బాబా తన మీద వేసుకుంటుంటే నోరు మూసుకున్నదీ నేనే."

ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. అది విని ఆమె మనసు కరుగుతుందని ఏ మూలో ఆశపడ్డాడు. ఆశపడ్డందుకూ సిగ్గుపడ్డాడు.

ఓబుళమ్మ మిగిలిన గడ్డి కూడా వేసి, చేతులు దులుపుకుని, అప్పుడు అతని వైపు తిరిగింది.

"అందరి ముందరా అన్నావు నాయనా," అంది. "ఇక్కడ నాకూ బర్రెకూ చెప్తే ఏం లాభం?"

దస్తగిరి బాబా వైపు చూశాడు. బాబా గంపలోని ఎరువును ఆమె దిబ్బ మీద పోస్తున్నాడు.

మర్నాడు దస్తగిరి ఒక్కడే ఏడిళ్ళకూ వెళ్ళి ఆదివారం తకియాకి రమ్మని పిలిచాడు. అంగడికి కూడా వెళ్ళాడు. "మళ్ళీ ఏం చూపిస్తారు?" అని అడిగారు. "చూపించేది లేదు. ఒక మాట చెప్పాలి," అన్నాడు. ఓబుళమ్మ ఇంటి ముందర నిలబడి అదే మాట చెప్పాడు. ఆమె వస్తానని అనలేదు, రానని అనలేదు.

ఆదివారం జనం బాగానే వచ్చారు. ఓబుళమ్మ గేటు లోపలికి వచ్చి, ఒక పక్కగా నిలబడింది. దస్తగిరి ముందుగా అనుకున్న మాటలు చాలా ఉన్నాయి. తెల్లవారుజాము నుంచి వాటిని పేర్చుకుంటూనే ఉన్నాడు. తీరా లేచి నిలబడితే నాలుగే వచ్చాయి.

"ఎరువు పచ్చిదని ఓబుళమ్మ పెద్దమ్మ నాకు చెప్పింది. వద్దంది. నేనే తెచ్చి వేశాను. మీ అందరి ముందరా ఆమె మీద అబద్ధం చెప్పాను."

దస్తగిరి వసారా వైపు చెయ్యి చూపించాడు.

"బాబాకి ఇందులో ఏం లేదు," అన్నాడు మళ్ళీ. "మీ ఇళ్ళకు వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. చూస్తూ ఊరుకున్నాను."

కాంతిమతి టీచర్ తల దించుకుంది. అతను చేసినదానికి ఆమె సిగ్గుపడుతున్నట్టుంది. తిట్టి ఉంటే దానికంటే బాగుండేదనిపించింది దస్తగిరికి. వెనక నుంచి అంగడాయన, "ఎంత పని చేశావు దస్తగిరీ," అన్నాడు. 'గారూ' పోయింది. అది పోయిన చప్పుడు అతనొక్కడికే వినబడింది.

టీచర్ తల ఎత్తి అడిగింది, "మరి మాగిందో లేదో మాలాంటివాళ్ళకు ఎలా తెలుస్తుంది?"

"నన్ను అడగొద్దు టీచర్," అన్నాడు దస్తగిరి. "పెద్దమ్మను అడగండి."

అందరూ గేటు వైపు తిరిగారు. ఓబుళమ్మ ఇబ్బందిగా కదిలింది. కాసేపు కొంగు సర్దుకుంది.

"చూడ్డానికేముంది," అంది చివరికి. "మాగితే పేడ వాసన రాదు. వాన పడ్డ మట్టి వాసనొస్తుంది, అంతే. పిడికిట్లో పట్టుకుంటే చల్లగా పొడిపొడిగా ఉంటుంది. పేడ పేడలా కనబడిందంటే కాలేదని." కొంచెం ఆగి అంది, "మొదలుకి జానెడు దూరం వెయ్యాలి. మొదలు మీద పొయ్యకూడదు. ఉగాది దాటినాక నా దిబ్బ మాగుతుంది. కావాల్సినవాళ్ళు అప్పుడు రండి."

టీచర్ రాసుకుంది. ఆ సాయంత్రం నుంచి మళ్ళీ పాలు పంపమని కూడా చెప్పింది. ఇంకొకరు కూడా చెప్పారు. పాలు మానేసిన మూడో ఇంటివాళ్ళు రాలేదు, వాళ్ళు ఆ తరువాత కూడా పోయించుకోలేదు. ఓబుళమ్మ దస్తగిరి వైపు చూడకుండానే గేటు దాటి వెళ్ళిపోయింది. అతనూ ఆపలేదు.

జనం చెదిరాక బసవరాజు ఒక్కడే మిగిలాడు. వసారా మెట్టు దగ్గరికి వచ్చి, చెప్పులు విడిచి, బాబా ముందర నిలబడ్డాడు.

"బాబా, ఆ రోజు మిమ్మల్ని అనరాని మాటలన్నాను," అన్నాడు. "వీధిలో నిలబెట్టి అన్నాను. ఒక్కటీ మీకు చెందాల్సింది కాదు. ఎట్లా వెనక్కి తీసుకోను?"

"ఎందుకు రేంజరు గారూ?" అన్నాడు బాబా. "అవి చేరాల్సిన చోటికే చేరాయి."

దస్తగిరి ఆ మాట విన్నాడు. తల ఎత్తకుండా, మాడిన పచ్చిక పక్కన కూర్చుని, తుంగ గడ్డలు ఒక్కొక్కటే తవ్వడం మొదలుపెట్టాడు.